డొక్కలు చూసి ఎంచిన కాలేజీ

ఎంసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో మా వీధివాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఫోన్లో కాలేజీల జాబితా తెరిచి, "ఏది ముందు పెట్టమంటావు అక్కా?" అని అడుగుతారు. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, ఉద్యోగాలు వస్తాయా, అన్నీ వాళ్లకు నోటికొచ్చు. "సాయంత్రం పూట పోయి గేటు ముందు నిలబడి చూశారా?" అని నేనడిగితే మాత్రం అదోలా మొహం పెడతారు. నాకు ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లు పిల్లను ఉంచబోయే చోటును కంటితో చూడకుండా ఎట్లా ఎంచుతారు? మా నాయన చూశాడు.

మాది కొనకనమిట్ల పక్క పల్లె. కాస్త కంది చేను ఉన్నా, మా ఇల్లు నడిచింది గొర్రెల మీదే. ఇక్కడ గడ్డి అయిపోగానే మావాళ్లు మందలను తూర్పుకు, కోతలైన పొలాల మీదికి తోలుకుపోయేవాళ్లు. పోయేముందు ఒక మనిషి ముందుగా వెళ్లి ఆ చోటును చూసి రావాలి. మా పల్లెలో ఆ మనిషి మా నాయన. గడ్డి చూసేవాడు, నీళ్లు చూసేవాడు, అక్కడివాళ్లు చెప్పే మాటలను మాత్రం నమ్మేవాడు కాదు. సాయంత్రం దాకా ఆగి, అప్పటికే అక్కడ మేస్తున్న మందలు తిరిగొచ్చే దోవలో నిలబడి గొర్రెల డొక్కలు చూసేవాడు. డొక్క నిండి ఉంటే ఆ చోటు మంచిది. లేకపోతే ఎంత పచ్చగా కనిపించినా మంద అటు పోదు.

నా ర్యాంకుకు మూడు కాలేజీలు అందుతాయని మార్కాపురంలో నెట్ సెంటర్ అతను తేల్చాడు. ఒకటి మా ఇంటి నుంచి రోజూ బస్సులో పోయి రాగలిగేంత దగ్గర. రెండోది గుంటూరు వైపు, అద్దాల మేడ. దాని హాస్టల్ ఖర్చు వింటేనే అమ్మ నోరు నొక్కుకుంది. మూడోది ప్రభుత్వ కాలేజీ. ఖర్చు లేనట్టే, కానీ గోదావరి దాటి ఇంకా పైకి పోవాలి. మా గొర్రెలు కూడా ఎన్నడూ గోదావరి దాటలేదు. అమ్మ దగ్గరి కాలేజీ అంది. నేను గుంటూరు అన్నాను, ఎందుకంటే ఇంటర్లో నా స్నేహితులంతా అక్కడికే పోతున్నారు. అంతకు మించి నా దగ్గర కారణం లేదు, పట్టుదల మాత్రం కావలసినంత ఉంది.

"ఏది ముందు పెట్టమంటావు మామా?" అని నెట్ సెంటర్ అతను నాయనను అడిగాడు.

"గడువు ఎన్నాళ్లుండాది?"

"ఇంకా ఐదు రోజులుంది."

"అట్లయితే చూసొచ్చి చెప్తా."

వెనక నిలబడినవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అన్నీ నెట్లో ఉంటాయి నాయనా" అని గొణిగాను. "గడ్డి ఉంటాది పాపా, గొర్రెలుండవు" అన్నాడు.

మందను చిన్నాయనకు అప్పగించి, తెల్ల చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. దగ్గరి కాలేజీ చూసుకుని, మార్కాపురంలో గుంటూరు రైలెక్కి, అట్నుంచటే పైకి పోయి, నాలుగో రోజు ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని, తూర్పు పొలాల సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"దగ్గరిదాని ముందర సాయంత్రం దాకా నిలబడే పనే పడలా. మధ్యాన్నానికే ఖాళీ. గుంటూరుది మేడ బాగుండాది, నీళ్లు బాగుండాయి. వాచ్‌మన్ నన్ను తాపీ పనికొచ్చినాననుకున్నాడు. సాయంత్రం పిల్లోళ్లు బయటికొచ్చినారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా పోయి బస్సుల్లో కూచున్నారు. అంతమందిలో ఒక్క నవ్వు మొగం లేదు. పైదానికి గోడలకు సున్నం కూడా లేదు. కానీ గేటు దాటినాక కూడా పిల్లోళ్లు ఏదో లెక్క గురించి వాదులాడుకుంటుండారు. ఒక పాప నా దగ్గరికొచ్చి, ఎవరి కోసం తాతా అని అడిగి నీళ్లిచ్చింది. అదే ముందు పెడదాం."

రెండు రోజులు అన్నం తినలేదు నేను. ఆయన మాట మారలేదు. సీటు అక్కడే వచ్చింది.

చేరిన రోజు నుంచీ ఫోన్లో నాది ఒకటే పాట. కూర బాగాలేదు. నేను 'ఏంది' అన్నప్పుడల్లా నవ్వుతున్నారు. రెండో కౌన్సెలింగ్ ఉంది, గుంటూరుకు మార్చు నాయనా. నిజానికి మూడో వారానికే ఆ నవ్వు నాకు అలవాటైపోయింది. కానీ ఏడ్చి, అలిగి వచ్చినదాన్ని, బాగుందని ఎట్లా ఒప్పుకోను? "చూస్తాలే" అనేవాడు నాయన. ఆయన గుంటూరు హాస్టల్ కోసం ఈనే గొర్రెలను బేరం పెట్టాడని అమ్మ ఒకరోజు మెల్లగా చెప్పింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ పని తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కౌన్సెలింగ్ గడువు ముగిసే ముందు రోజు ఫోన్ చేసి మళ్లీ అదే పాట ఎత్తుకున్నాను. నాయన అంతా విన్నాడు. విని, "పాపా, ఆ జామకాయలు తియ్యగా ఉండినాయా?" అని అడిగాడు.

రెండు రోజుల కింద, సాయంత్రం, కాలేజీ గేటు ముందు బండి దగ్గర నలుగురం ఉప్పుకారం అద్దుకుని జామకాయలు తిన్నాం. నా యాసను నేనే వెక్కిరించుకుంటూ, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. రోడ్డుకు అవతల ఎవరున్నారో నేను చూసుకోలేదు.

"వచ్చి నన్ను పిలవకుండా పోయినావా నాయనా?"

"పిలిస్తే ఏడుపు మొగం పెట్టేదానివి. నేను చూడాల్సింది చూసుకున్నా." మళ్లీ తనే అన్నాడు: "గొర్రెల కోసం మనిషి రేపు పొద్దున వస్తాడు. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు?"

రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి, నా మొహం ఒక్కసారి చూసుకుని, మళ్లీ రాత్రంతా కూర్చుని ఇంటికి పోయిన మనిషి అడుగుతున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"రావద్దని చెప్పు నాయనా" అన్నాను. "తియ్యగానే ఉండినాయి."