ఎదురెక్కే చేపలకు దారి

మొన్న వంక పారేంత వాన పడిన ఉదయాన మా పెద్దమ్మ పోయింది. కోడుమూరు సువార్త కూటంలో మైకు ముందు గొంతు సవరించుకుంటుంటే సెల్లుకు కబురొచ్చింది. ప్రియులారా, పునరుత్థానం గురించి ఊరూరా గర్జించినవాణ్ణి, ఆ పూట ప్రసంగం మొదలుపెట్టకుండానే వాక్య గ్రంథం మూసి బస్సెక్కాను.

ఆమె మా అమ్మకు అక్క. మా ఊరి వంకలో వెదురు బుట్టలు పెట్టి, పడిన చేపలు వీధుల్లో అమ్మి బతికింది. తొలి నీళ్ళు రాగానే పరక చేపలు కడుపునిండా గుడ్లతో ఎగువకు ఎదురెక్కుతాయి. వానలు తగ్గాక దిగివస్తాయి. ఎండలకు మడుగుల్లో తలదాచుకుంటాయి. అందుకే ఆమె బుట్ట మూతి ఎప్పుడూ ఎగువకే ఉండేది. దిగివచ్చే చేపే అందులో పడాలి. ఎవరైనా మూతి దిగువకు పెడితే ఊరుకునేది కాదు.

"పురిటికి పొయ్యే ఆడదానికి ఎవురన్నా అడ్డం నిలబడతారేమిరా?" అని తిట్టి, బుట్ట తానే తిప్పేది.

కరువు వరసగా పట్టిన ఏళ్ళలో వంకంతా ఇసుకై, బండ కింద ఒక్క మడుగు మిగిలింది. ఎట్లాగూ ఎండిపోయేదే అని ఊరంతా దిగి చేపలు దేవి పట్టి, ఇంటింటికీ వాటా వేశారు. ఆకలి రోజులు, ఎవరిని తప్పుపట్టగలం? "నా వాటా బతికుండంగానే ఇయ్యండప్పా. ఈ ఇత్తనం పోతే మళ్ళీ వంకకు చేప యాడిది?" అంది పెద్దమ్మ. నవ్వుతూనే ఇచ్చారు. ఆమె కుండ నెత్తిన పెట్టుకుని నేరుగా మా మందిరానికొచ్చి, పరకలను బాప్తిస్మం తొట్టిలో వదిలింది.

నేను మండిపడ్డాను. "పెద్దమ్మా, పరిశుద్ధ స్థలం ఇది! చేపలేంది ఈడ?"

"నీళ్ళు చాలక ఈ ఏడు ఎవుర్నీ ముంచేది లేదంటివి. తొట్టి ఊరికేనే ఉండాది గదా. మొన్న జలప్రళయంలో ఓడ గురించి అంతసేపు అరిస్తివే, జంతువులన్నిటికీ చోటిచ్చినాడని. మరి చేపలకు?"

"చేపలకు ఓడ ఎందుకు? నీళ్ళుంటే చాలదా?"

"ఆ నీళ్ళే గదప్పా లేంది!"

తొట్టి ఆమెకే వదిలేశాను. ఆ వేసవంతా తన ఇంటికని బోరింగు దగ్గర పట్టిన నీళ్ళలోనే కొన్ని తెచ్చి తొట్టిలో పోసేది, తవుడు చల్లేది. పరకలు కొన్ని చచ్చి తేలినప్పుడు తీసేసేది. ఆదివారం నేను గొంతెత్తినప్పుడు ఏ పరకైనా ఎగిరి నీళ్ళు చిందితే, ముందు వరసలోంచి అనేది: "చూడప్పా, అవి గూడా మారుమనసు పొందుతాండాయి!" సంఘమంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

మళ్ళీ వానలొచ్చి వంక పారిన రోజు మిగిలినవాటిని కుండతో తీసుకెళ్ళి వదిలింది. అవి కాసేపు అక్కడక్కడే తిరిగి, ఎగువకు మళ్ళాయి. "పోండి తల్లీ" అంది, పురిటికి కోడల్ని సాగనంపినట్టు. ఆ తర్వాత ఆ తొట్టిలో ఎందరినో ముంచి లేపాను. ప్రతిసారీ ఆ పరకలే గుర్తొస్తాయి.

మా సమాధుల తోట వంక అవతల. పెద్దమ్మ పెట్టె మోసుకుని దాటుతుంటే ఎర్రనీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నేను ముందు నడుస్తూ పాట ఎత్తుకోబోయాను.

"అన్నా, ఆగు. కాళ్ళకు తగుల్తాండాయి" అన్నాడు మోసేవాళ్ళలో ఒకడు.

పరకలు. ఎదురెక్కుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే అందరూ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయారు. భుజాల మీద పెద్దమ్మ, కిందుగా, పిక్కలను ఒరుసుకుంటూ, ఎగువకు పోయే చేపలు. అవన్నీ దాటేదాకా పెట్టె కదల్లేదు.