నాయన పడుకున్న గాలి పరుపు

పోయిన నెల మా మనవరాలు బెంగళూరు నుంచి వస్తూ రెండు పడక చుట్టలు తెచ్చి నడిమింట్లో పరిచింది. స్నేహితులతో కలిసి మంచు కొండల మీదికి నడిచిపోతుందట, అక్కడ గుడారంలో నేల మీదే పడకట, కిందికి ఏది వేసుకోవాలో నన్ను తేల్చి చెప్పమంది. ఒకటి గాలి ఊదుకునే పరుపు, మడిస్తే చెంబంత అవుతుంది, పడుకుంటే ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉంటుంది. రెండోది స్పాంజి చాప, కోడిగుడ్ల అట్టలాగా గుంటలు గుంటలుగా ఉంటుంది, మడిచినా చంకలో ఇమడదు. పిల్ల మనసు గాలి పరుపు మీదే ఉందని చూపుల్లోనే తెలుస్తోంది. సరే, చూద్దామని మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దాని మీద వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద గాలి అటూ ఇటూ కదలగానే మా నాయన గుర్తుకొచ్చి, చాలాసేపు లేవలేకపోయాను.

అనంతపురం అనగానే అందరూ ఎండల గురించే మాట్లాడతారు గానీ, పుష్యమాసంలో మా మెట్ట మీద తెల్లవారుజాము చలి ఎట్లా ఉండేదో నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మాది గొర్రెల కాపరుల కుటుంబం. వాన చాలని ఏడు మా పల్లెలో మేత కరువై, కదిరి దాటి కొండల వెంబడి మందను తోలుకుని నెలల తరబడి నడిచేవాళ్ళం. కోత అయిపోయిన చేలల్లో మందను నిలిపి, ఎరువు కోసం పిలిచిన రైతు పొలంలోనే మేమూ పడుకునేవాళ్ళం. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణే అయినా, కదిరి గ్రంథాలయంలో బీరువాలన్నీ వరుసగా చదువుతున్నానన్న గర్వం నెత్తికెక్కి ఉండేది. బళ్ళో చదివినవాళ్ళు పాఠమే చదువుతారు, నేను పుస్తకమంతా చదువుతానని ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు నాయనకు నడుము పట్టేసింది. చల్లని నేల మీద పడుకుంటే ఇక లేవలేవని వైద్యుడు ఖండితంగా చెప్పేశాడు. నాయన లేకుండా మందను నడిపే అనుభవం నాకు లేదు. మేనమామ ఒక్కడివల్లా కాదు. మందనంతా ఒకేసారి అమ్మేయమని అమ్మ పట్టుబట్టింది, తీసుకోవడానికి ఒక వ్యాపారి సిద్ధంగానే ఉన్నాడు. నాయన మాత్రం ప్రతి గొర్రెనూ దాని తల్లి పేరుతో పిలిచే మనిషి, ఈ ఒక్క ఏడు పోయొస్తానని ప్రాధేయపడ్డాడు. ఈసారి నడుము పడిపోతే మందను వ్యాపారికి ఇచ్చేయాల్సిందేనన్న షరతు మీద ఇంట్లో అందరం ఒప్పుకున్నాం.

అప్పుడు నేను ముందుకొచ్చాను. మంచు ప్రదేశాల్లో తిరిగినవాళ్ళు చలిని ఎట్లా తట్టుకుంటారో వివరించే ఒక పుస్తకంలో, మనిషి ఒంట్లోని వేడిని పైనున్న చలిగాలి కంటే కింద ఉన్న నేలే ఎక్కువగా లాగేస్తుందనీ, దాన్ని ఆపేది గాలి పొరేననీ చదివాను. అంతలో గ్రంథాలయం మూసే వేళయింది. నాకు కావలసింది దొరికిపోయింది కదా అని పుస్తకం బీరువాలో పెట్టేసి తిన్నగా పంక్చరు అంగడికి పోయి, పాత లారీ ట్యూబు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దానికి అతుకులు వేయించి, సగం గాలి కొట్టించి, పొడుగ్గా వచ్చేట్టు తాళ్ళతో బిగించి, చుట్టూ గోనెపట్ట కుట్టాను. రెండు లావాటి దిండ్లు పక్కపక్కన పెట్టినట్టు తయారైంది. గాడిద మీద దాన్ని కట్టినప్పుడు మేనమామ ఊరంతా వినేటట్టు నవ్వాడు.

"ఏమప్పా, మంద తోలుకొని పోతాండామా, లారీ తోలుకొని పోతాండామా?"

"నవ్వొద్దు రా. పిల్లోడు సదివి సేసినాడు," అన్నాడు నాయన.

మొదటి రోజు తెల్లవారగానే పరుగెత్తుకుంటూ పోయి ఎట్లా ఉందని అడిగాను. "బాగుండాదప్పా, మెత్తగా ఉండాది," అన్నాడు. రెండో రోజూ అదే మాట. వెచ్చగా ఉందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మంద కదిలేటప్పుడు ఆయన కర్రను రెండు చేతులా పట్టుకుని లేవడం చూశాను గానీ, నా గొప్ప నాది, దాని అర్థం మనసుకు ఎక్కలేదు. మూడో రోజు పొద్దు పొడిచినా నాయన లేవలేదు. పిలిస్తే కళ్ళు తెరిచాడు, కదలలేకపోయాడు. గోనెపట్ట కింద చెయ్యి పెడితే ట్యూబు బండరాయంత చల్లగా తగిలింది.

మేనమామ తన పక్క తెచ్చి నా ముందు పరిచాడు. శనక్కాయ పొట్టు కూరిన గోనెసంచి, దాని మీద రెండు మడతలు వేసిన కంబళి, పైన కప్పుకోవడానికి పాత కంబళి ఒకటే. దాన్ని చూపిస్తూ అన్నాడు.

"మీ నాయనదీ ఇదే పక్క. నీ ట్యూబు వచ్చినాక పొట్టుసంచి గొర్రెపిల్లల కిందేసినాడు. సల్లగా ఉండాదని నాతో సెప్పినాడు గానీ, నీతో సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యాడు."

నాయన దగ్గర కూర్చుని ఎందుకిట్లా చేశావని అడిగితే, ఆయన నా వైపు చూడకుండా మంద వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు అంత సదువుకొని సేస్తివి. బాగలేదంటే మళ్ళా ఆ పుస్తకాల దిక్కు పోతావో పోవో అనుకుంటిని."

మందను పణంగా పెట్టి నా చదువును కాపాడాలనుకున్నాడు. ఆ రోజు పొలం రైతు మేతకు పేర్చిన శనక్కాయ కట్టె వామి పక్కన చోటిస్తే, గొర్రెపిల్లల కింది పొట్టుసంచి తెచ్చి, నా కంబళి కూడా నాయన కిందే మడిచి వేశాం. వేడి ఇటుకలు గుడ్డలో చుట్టి నడుముకు కాపడం పెడుతూ ఉన్నాను. మేనమామ వ్యాపారికి కబురు పెట్టడానికి రెండు రోజులు ఆగాడు. మూడో రోజు నాయన కర్ర పట్టుకుని లేచి, కుంటుతున్న ఒక గొర్రె దగ్గరికి నాలుగడుగులు వేశాడు. కబురు పోలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన మంద వెంట నడిచాడు.

పల్లెకు తిరిగొచ్చాక గ్రంథాలయానికి పోయి అదే పుస్తకం తీసి, నేను వదిలేసిన పేజీ నిలబడే చదివాను. గాలి కదలకుండా ఉంటేనే చలిని ఆపుతుందనీ, ఖాళీ సంచిలో గాలి తిరుగుతూ ఒంటి వేడిని నేలకు మోసుకుపోతుందనీ, ఉన్నిలోనో పొట్టులోనో చిన్న చిన్న అరల్లో అది చిక్కుకుని ఉండాలనీ అక్కడ శుభ్రంగా రాసి ఉంది. అప్పటి నుంచి ఏ పుస్తకాన్నీ మధ్యలో మూయలేదు.

ఇదంతా చెప్పి, గాలి పరుపు పెట్టెలోని కాగితం భూతద్దంతో చివరిదాకా చదివాను. లోపల దూది గానీ పొరలు గానీ ఏమీ లేవు, ఎండాకాలానికి మాత్రమేనని అడుగున సన్న అక్షరాల్లో ఉంది. స్పాంజి చాప కింద వేసి, దాని మీద గాలి పరుపు వేసుకోమన్నాను. బరువు తాతా అని గునిసింది గానీ, రెండూ కట్టుకునే పోయింది.

ఇప్పుడు మా వైపు చేలల్లో మంద నిలపమని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు, ఎరువు బస్తాల్లో వస్తోంది. మా గొర్రెల ఉన్నిని అడిగేవాడు లేక కత్తిరించిన చోటే పారేస్తున్నారు. నాయన కంబళి ఒకటి నా పెట్టెలో మిగిలింది, మా ఇంట్లో నేల మీద పడుకునేవాళ్ళు లేరు.

నిన్న ఉదయం మనవరాలు కొండ మీది నుంచి ఫోన్ చేసింది. గాలి హోరులో మాట తెగి తెగి వినిపించింది.

"బాగుంది తాతా, మెత్తగా ఉంది."

అచ్చం నాయన మాటే. ఆ రోజుల్లో మాట నమ్మకపోతే మనిషి లేచే తీరు చూసి కనిపెట్టే వీలుండేది, నేను చూసీ గ్రహించలేదు గానీ వీలుండేది. ఇప్పుడు చేతిలో ఒక్క గొంతే ఉంది. అందుకే నాయనను అడగని మాట మనవరాలిని అడిగాను.

"మెత్తన సంగతి సరేమ్మా, వెచ్చగా ఉండాదా?"