చిట్టీ చెడినా వదిలిన గేటు

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి గేటు దగ్గర యేసుదానం ఇరవై రెండేళ్లుగా కాపలా. షిఫ్టు ముగియకముందే బయటికి రావాలంటే సారు రాసిచ్చిన చిట్టీ ఆయనకు చూపాలి. సంతకం సగం చెరిగిందని, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న సొంత బామ్మర్దినే బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి.

1989లో ఆయన కూతురు సత్యవతికి హైదరాబాదులో పరిశోధన సీటొచ్చింది. సోమవారంలోగా చేరాలి. యేసుదానం ఒక్కటే షరతు పెట్టాడు.

"నువ్వక్కడ ఏం జేస్తవో నాకు సమజైతె పంపిస్త."

తండ్రికి తెలిసిన మాటల్లోనే చెబుదామనుకుంది సత్యవతి. అక్కడే బోల్తా పడింది.

"బాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారైతయి బాపూ. కొన్ని బయటికి పోవాలె. వాటి ముందట చిట్టీ లెక్క ఒక ముక్క ఉంటది. అది చెడితె లోపల్నే చిక్కుకపోతయి."

"కరెక్టే గద."

"కోట్ల బాక్టీరియాలల్ల ఒక్కదాంట్ల, అవి బయటికి పొయ్యే గేటే కొంచెం మారుతది. అప్పుడు చెడ్డ చిట్టీతోటి గూడ బయటపడ్తయి. అదెట్లనో చూసుడే నా పని."

యేసుదానం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంటె, డ్యూటీ తప్పిన గేటోని మీద చదువు."

"మందులు కనిపెడ్తనంటె అయిపోతుండె గద బిడ్డా," అని వంటింట్లోంచి గొణిగింది తల్లి సారవ్వ.

మర్నాడు ఆయన ఈ సంగతి క్యాంటీన్‌లో చెప్పుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది. "యేసన్నా, నీ బిడ్డె నీ కొలువుకు ఎసరు పెట్టిందే," అన్నాడు పక్కన చాయ్ తాగుతున్న ముత్యం. బల్లలన్నీ నవ్వాయి.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక కూతుర్ని పిలిచాడు. గొంతు కాస్త మెత్తబడింది.

"గేటుది తప్పు లేదు, చిట్టీయే మల్ల మంచిగైంది అను. నలుగుట్ల చెప్పుకుంట. రేపే పో."

ఆ ఒక్క మాట అంటే చాలు, పొద్దున బండెక్కొచ్చు. సత్యవతి నోరు తెరిచింది. కానీ ఆమె ఎవరి కూతురు?

"అట్ల గూడ అయితది బాపూ. కాని నేను చదివేది అది కాదు. చిట్టీ చెడ్డదే. మారింది గేటే."

"మరి ఆగు."

సోమవారం యేసుదానం జ్వరమని డ్యూటీకి కబురు పంపాడు. ఆయనకు తెలిసి అదే మొదటి అబద్ధం. తెల్లారి నుంచి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెప్పకుండా వెళ్తుందేమోనని ఆయన, పిలిచి పొమ్మంటాడేమోనని ఆమె, పొద్దుటి హైదరాబాదు బండి కూత వినబడేదాకా ఎక్కడివాళ్లక్కడే.



తర్వాత సారవ్వ ఇద్దరికీ అన్నం పెట్టింది.