మస్తాన్ కంట్లో నేను వేసిన చుక్కలు

తొమ్మిదేళ్లుగా ఒక సీసా బరువు మోస్తున్నాను. ఐదు మిల్లీలీటర్లది. దానికే ఇంత ఆయాసమా అని మీరు నవ్వవచ్చు. నలుగురినీ నవ్వించడమే నా పని, కానీ ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా మైదుకూరు వీధిలో కంటి చుక్కలు ఒక్క ఇంటివి కావు. ఒకరికి రాసిచ్చినవి మిగిలితే, ఫ్రిజ్‌లో పచ్చడి పక్కన ఉండి, కన్ను ఎర్రబడిన ప్రతి ఇంటికీ పోయి వస్తాయి. నాన్న కంటి ఆపరేషన్‌కు ఇచ్చినవీ అంతే. తెరిచిన నెలకు పారేయమన్నారు. మేం పొదుపరులం.

మా వీధి టైలరు మస్తాన్ ఒకసారి తన బావమరిది కల్లంలో వడ్లు ఎత్తుతుంటే అతని కంట్లో పొట్టు పడింది. నేనే నాన్న చుక్కలు వేసి, సీసా అతనికే ఇచ్చాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. వీధిలో నన్ను డాక్టరన్నారు. నేను వద్దనలేదు.

ఐదో రోజుకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. కర్నూలు బస్సెక్కించాను.

కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసింది. “చుక్కలేమన్నా వేసినారా?”

మస్తాన్ నోరు తెరిచేలోగా నేనందుకున్నాను. “లేదు మేడం. నీళ్లతో కడిగినాం, అంతే.”

అతను నా వైపు చూశాడు. “అంతే మేడం.”

బయటికొచ్చాక అడిగాడు. “అట్ల చెప్తివేమన్నా?”

“ఊరికే తిడతారప్పా.”

“సరేలే. చదువుకున్నోనివి, నీకు తెల్దా.”

పొట్టుతో పాటు కంట్లోకి బూజు పోయిందని పరీక్షలో తేలింది. బీఎస్సీలో బూజుల మీద ఒక పేపరు రాసి పాసైనవాణ్ని నేను. ఇంటికొచ్చిన రెండో రోజు ఫోన్లో చదివితే తెలిసింది, నా సీసాలోది స్టెరాయిడ్ అని, అది పైన ఎరుపును అణిచి లోపల బూజును మేపుతుందని. మస్తాన్ ఇంటికి పరిగెత్తాను. కొత్త మందుతో పాటు నా చుక్కలు కూడా రెండు రోజులుగా వేసుకుంటున్నాడు. మానమని డాక్టరమ్మ చెప్పలేదు. ఎలా చెబుతుంది? సీసా లాక్కున్నాను. అప్పుడైనా ఆమెకు ఫోన్ చేసి నిజం చెప్పానా? లేదు. భయమా? పరువా? లేక ఆ డాక్టరు అనే పిలుపు మీద మోజా? ఇన్నేళ్లు తవ్వినా మూడూ కలిసే బయటపడుతున్నాయి.

కన్ను దక్కింది. నా మాట నమ్మి ఊరుకోకుండా గుడ్డు గీకి పరీక్షకు పంపిన ఆ తల్లికి రోజూ దండం పెట్టుకుంటాను. చూపు మాత్రం మసక. సూదిలో దారం ఎక్కించాలంటే మస్తాన్ తల పక్కకు తిప్పి, రెండో కన్ను ముందుకు తెస్తాడు. అప్పుడు నేను గోడ మీద క్యాలెండరు చూస్తాను.

అంగడికొచ్చిన ప్రతివాళ్లకీ నన్ను చూపిస్తాడు. “ఈయప్పే నన్ను కర్నూలుకు పిల్చకపోయినాడు. లేకుంటే ఈ కన్ను యాడిది?”

ఆ మంచితనం నీడలోనే బతుకుతున్నాను. అతను ఇంకా నా స్నేహితుడిగా ఉన్నందుకు ఎంత కృతజ్ఞతో చెప్పలేను. దానికి నేను తగనన్నదీ అతనికి చెప్పలేకపోతున్నాను. చెబుతానేమో. తెలియదు.

మీకు చెప్పాను. ఇకమీదట మస్తాన్ నన్ను పొగుడుతుంటే, అది అబద్ధమని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాను. అంతవరకు హాయిగా ఉంది.