విమానం ఎగిరేదాక బెల్లం ముట్టనన్న అవ్వ

మొన్న గద్వాల బస్టాండు కాడ లేత్ షాపు ముందల నిలబడితే, కాలిన మిషన్ నూనె వాసన గుప్పుమన్నది. గంతే, మా చిన్నాయన యాదికొచ్చిండు. ఆయన బెంగళూరుల యుద్ధవిమానాలు తయారుచేసే కార్ఖానల ఫిట్టరు. ఉగాదికి గోపాల్‌పేటకు వస్తే, ఎన్నిసార్లు స్నానం చేసినా ఆయన ఒంటి నుంచి గదే వాసన వచ్చేది.

ఒక ఉగాదికి అరుగు మీద కూసొని, "ఈసారి మనదేశంల సొంతంగ ఫైటర్ విమానం చేస్తున్నం, రెక్క బిగించే పనిల నేను గూడ ఉన్న" అన్నడు. పక్కింటి టైలర్ ఖాజా మామ పడీపడీ నవ్విండు. "అరే భాయ్, నా మిషన్ల సూది సుత బయటిదేశందే. నువ్వు విమానం చేస్తవా?"

చిన్నాయన మొఖం చిన్నబోయింది. అది చూసి మా నాయనమ్మకు కడుపు మండింది. ఆమెను మేం అవ్వ అంటుంటిమి. మర్నాడే మమ్ముల బస్సెక్కించుకొని బీచుపల్లి పోయి, కృష్ణల మునిగి, తడిచీరతోనే ఆంజనేయుని ముందల మొక్కింది: కొడుకు చేసే విమానం ఎగిరేదాక బెల్లం ముట్టనని. అవ్వకు బెల్లమంటే పాణం!

ఇగ ప్రతి ఉగాదికి, గుమ్మానికి మామిడాకులు కట్టి, ఏపపువ్వు దూసి, కొత్తకుండల చింతపండు పులుసు పిసికి, బెల్లం వేయకముందే తన వాటా పచ్చడి గటగట తాగి మొఖం ముడుసుకునేది. రోట్ల శనగపప్పు, బెల్లం నూరి, ఇలాచి దంచి, పెనం మీద నెయ్యి చిటపటలాడంగ ఊరందరికి సరిపడ భక్షాలు చేసేది గని, వేలికంటిన పూర్ణం సుత నాకకపోయేది. తీపి చూసే కొలువు నాకు దొరికింది. ముద్ద నోట్ల పెట్టి, "ఎట్లున్నదే?" అని నా మొఖం దిక్కే చూసేది. బాగున్నా "జర తక్కువైంది" అంటుంటి, ఇంకో ముద్ద కోసం. సిగ్గిడిసి చెప్తున్న, ఆ విమానం ఎగరొద్దని మనసుల కోరుకున్నదాన్ని నేను.

ఏండ్లు గడిచినయి. "ఎగిరిందారా?" అని అవ్వ అడుగుడు, "ఇంకా పరీక్షలే అమ్మా" అని చిన్నాయన తల దించుకునుడు. ఒకసారి తట్టుకోలేక, "ఎగిరిందమ్మా, ఇగ తిను" అన్నడు.

"బీచుపల్లి దిక్కు తిరిగి చెప్పు" అన్నది అవ్వ.

చిన్నాయన ఆ దిక్కు తిరగలే. అంత పెద్ద మనిషి తల్లి ఒళ్లె తలపెట్టి ఏడ్సిండు. నేను చేతిలున్న భక్షాన్ని మెల్లగ పళ్లెంల పెట్టేసిన.

ఆఖరికి ఓనాడు నిజంగనే ఎగిరింది. పేపరు పట్టుకొని ఉరికొచ్చింది ఎవరనుకున్నరు? ఖాజా మామనే! "అమ్మా, నీ కొడుకు గెలిచిండు" అని ఆయనే కండ్లు తుడుసుకున్నడు. ఆ ఉగాదికి చిన్నాయన భక్షం తెచ్చి అవ్వ చేతుల పెట్టిండు.

"విమానమంతా మనదేనారా?" అన్నది.

ఈసారి అబద్ధమాడలే. "ఇంజనొక్కటి బయటిదమ్మా. అది ఇంకా మనకు చేతకాలే."

అవ్వ భక్షాన్ని నడిమికి తుంచింది. సగం కండ్లు మూసుకొని, నెమ్మదిగ, ఎంతసేపో నమిలింది. తక్కిన సగం కొడుకు పళ్లెంల పెట్టి, "నా మొక్కు సగమే తీరింది. మిగిలింది మీరు చూసుకోండ్రి" అన్నది.

ఇప్పుడు అవ్వ లేదు. అరుగు రోడ్డు కింద పోయింది, ఖాజా మామ దుకాణంల సెల్‌ఫోన్లు అమ్ముతున్నరు, పూర్ణం మిక్సీల పడుతున్నం. రిటైరైన చిన్నాయన వనపర్తిల ఉంటుండు. మన విమానాలు బారులుగ ఎగురుతుంటే టీవీల చూసి పొంగిపోతడు. ఇంజన్ మటుకు ఇంకా బయటిదే. పండుగనాడు భక్షం పెడితే సగం తిని పళ్లెం జరుపుతడు. "షుగర్ బిడ్డా" అంటడు.

పోయిన నెల దవాఖానకు తీస్కపోయి రక్తపరీక్ష చేయించింది నేనే. చిన్నాయనకు షుగర్ లేదు.