పుడక తీసేయమని మాత్రమే చెప్పాను

1988 వానాకాలం. గద్వాలలో ఏఎన్ఎంగా చేరి అప్పటికి ఆరేళ్లు. ఏఎన్ఎం అంటే ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూసే, పిల్లలకు టీకాలు వేసే నర్సు. మాది వనపర్తి పక్క పల్లె. గద్వాలలో చేనేత వాళ్ల వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. పొద్దున్నే మగ్గాల చప్పుడుకే మెలకువ వచ్చేది.

పక్కింట్లో నాగమ్మ, ఆమె భర్త, వాళ్ల పదకొండేళ్ల కూతురు మంజుల. ఆ పిల్ల బడికి పోయేది కాదు. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని తండ్రి నేసే చీరకు దారం చుట్టి ఇచ్చేది. నేను డ్యూటీ నుంచి రాగానే గోడ మీదుగా తల పెట్టి, "అక్కా, ఇయ్యాల ఎంతమంది పిల్లలను ఏడిపించినవ్?" అని అడిగేది. లెక్క చెప్పేదాకా వదిలేది కాదు.

పిల్ల పెద్దమనిషి కాకముందే ముక్కు కుట్టించాలని నాగమ్మ పట్టు. మంజులకు సరదా ఉంది, అంతకు మించి భయమూ ఉంది. నా ముక్కుపుడకను వేలితో తాకి చూసి, "గుచ్చంగ ఏడ్చినవా అక్కా?" అని రోజుకోసారి అడిగేది. ఏడవలేదని అబద్ధమాడాను.

ఒక ఆదివారం ఉదయం అవుసలాయన వచ్చాడు. బంగారం పని చేసేవాళ్లే మా వైపు ముక్కులూ చెవులూ కుడతారు. "నువ్వు పట్టుకుంటే మొత్తుకోదు నర్సమ్మా. నీ చెయ్యి అంటే దానికి ధైర్యం" అంది నాగమ్మ. మంజుల తలను నా పొట్టకు ఆనించి పట్టుకున్నాను. ఆయన కుంకుమతో ముక్కు మీద చుక్క పెట్టాడు. సన్నటి బంగారు తీగ మొనను ఆకురాయి మీద నూరి, పంచె అంచుకు తుడిచాడు. పది అడుగుల దూరంలో నా అల్మారాలో స్పిరిట్ సీసా ఉంది. పోయి తేవాలనుకున్నాను. ఊళ్లో సగం ముక్కులు ఆయన కుట్టినవే, నర్సునని టెక్కు చూపిస్తోందని అనుకుంటారని ఊరుకున్నాను. నా పిరికితనానికి ఆ రోజు మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

మంజుల అరవలేదు. కంట్లో ఒక్క చుక్క తిరిగింది, అంతే. సాయంత్రం దాకా అద్దం వదల్లేదు.

"మంచిగున్ననా అక్కా?"

"సంస్థానం రాణి లెక్క ఉన్నవ్."

మరుసటి వారం సోమవారానికి ముక్కు ఎర్రగా వాచింది. పుడక చుట్టూ చీము. మేము ఇన్ఫెక్షన్ అంటాం, పుండు చీము పట్టడం. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి మాత్రలు ఇచ్చాను.

"ఈ బంగారం తీసెయ్యి నాగమ్మా. వాపు తగ్గినంక మల్ల కుట్టిద్దాం."

"తీస్తే బొక్క పూడుకపోతది గద?"

"పూడుకపోతే పూడుకపోనీ. ముందైతే తీసెయ్యి."

"నువ్వు చెప్పినంక తీయకుంటనా!"

ఆ మాటతో నా పని అయిపోయిందనుకున్నాను. టీటీ కూడా గుర్తొచ్చింది. ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ అది. బడి పిల్లలకు నా చేత్తోనే వేశాను, బడికి పోని మంజులకు పడలేదు. అప్పట్లో ఆ మందు పది డోసుల సీసాలో వచ్చేది. మూత తెరిస్తే మా దగ్గర ఆ రోజే వాడేయాలి. ఒక్క పిల్ల కోసం సీసా తెరవడం దండగనిపించింది. "ఎల్లుండి బుధవారం టీకాల రోజు, తీసుకురా" అన్నాను. మంగళవారం నన్ను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకని గట్టు అనే ఊరికి పంపారు. పది రోజులు అక్కడే.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. చేతిలో బ్యాగు, మంజులకని గట్టులో కొన్న పల్లికాయలు. నాగమ్మ ఇంట్లో మగ్గం నడవడం లేదు. గడపలోంచి తొంగి చూస్తే మంచం మీద మంజుల నా వైపు తిరిగి ఉంది. పెదాలు రెండు పక్కలా సాగి, పళ్లు కనబడేలా నవ్వుతోంది. నేనూ నవ్వాను.

"నిన్న సంది గిట్లనే నవ్వుతుంది నర్సమ్మా" అంది నాగమ్మ. "అన్నం పెడితే నోరు తెరుస్తలేదు. నువ్వు చెప్పకుండ పోయినవని అలిగిందేమో అనుకున్న."

నా చేతిలో బ్యాగు జారి కింద పడింది. ఆ చప్పుడుకు మంజుల వీపు మంచం మీది నుంచి విల్లులాగా పైకి లేచింది. అది నవ్వు కాదు. ధనుర్వాతంలో దవడలు బిగుసుకుని ముఖం అలా లాక్కుపోతుంది. చదువుకున్నాను, పరీక్షలో రాశాను, చూడటం అదే మొదలు.

దగ్గరకు పోయి ముక్కు చూశాను. బంగారం లేదు. దాని చోట సన్నగా, గోధుమ రంగులో ఏదో ఉంది.

"ఇదేంది నాగమ్మా?"

"పొరక పుల్ల. నువ్వు బంగారం తీసెయ్యమంటివి, తీసేసిన. బొక్క పూడుకపోవద్దని పుల్ల తుంచి పెట్టిన. అందరం గట్లనే పెట్టుకుంటిమి గద."

అవును, అందరమూ. నాకు ఎనిమిదేళ్లప్పుడు ముక్కు కుట్టించి, బంగారం కొనడానికి వీల్లేక మా అమ్మ ఏడాది పాటు నా ముక్కులో చీపురు పుల్లే ఉంచింది. ఇల్లూ వాకిలీ ఊడ్చిన చీపురులోంచి తుంచిన పుల్ల. మంజుల పుల్లా అలాంటిదే. నాగమ్మ ఏం చేస్తుందో ఆ ఊళ్లో మరే నర్సుకు తెలియకపోయినా నాకు తెలియాలి. ట్రైనింగు పుస్తకాలు నెత్తికెక్కి, సొంత ముక్కు సంగతే మరిచిపోయాను.

"బుధవారం టీటీకి పోలేదా?"

"పోయినం. నువ్వు లేవంటే మల్లొచ్చినం. నీ చెయ్యి అయితేనే ఏడ్వదని."

బాడుగ కారులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఈ జబ్బు మనిషిని పట్టపగలు కూడా చీకటి చేసిన గదిలో ఉంచుతారు. వెలుగు పడినా, చప్పుడైనా, చెయ్యి తగిలినా ఒళ్లంతా బిగుసుకుంటుంది. మగ్గం చప్పుడులో పుట్టి పెరిగిన నాగమ్మ, గాజులు మోగకుండా రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని ఆ గదిలో కూర్చుంది. కూతురిని ముట్టుకోవడానికి లేదు, పేరు పెట్టి పిలవడానికి లేదు. మంజులకు తెలివి తప్పదు, అదే ఈ జబ్బులో ఘోరం. కళ్లు మా వైపే తిరుగుతుండేవి. నాలుగో రోజు పొద్దెక్కాక ఊపిరి ఆగింది. ముఖం మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది.

నాగమ్మ చేతుల గుడ్డలు విప్పింది. తర్వాత కొంగు ముడి విప్పి పుడక నా అరచేతిలో పెట్టింది.

"ఖాళీ ముక్కుతోని ఎట్ల పంపాలె బిడ్డను? నువ్వే పెట్టు నర్సమ్మా. నీ చెయ్యి అయితే ఏడ్వదు."

పెట్టాను. రంధ్రం పూడలేదు, పుడక సులువుగా దిగింది.

తర్వాత నాగర్‌కర్నూల్‌లో, లింగాలలో, మా వనపర్తిలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక్క పిల్ల కోసమైనా టీటీ సీసా మూత తెరిచాను, పై వాళ్లు అడిగితే మాటలు పడ్డాను. ముక్కు నుంచో చెవి నుంచో ఏదైనా తీసేయమని చెప్పిన ప్రతిసారీ, "తీసినంక ఆ జాగల ఏం పెడ్తవు?" అని అడిగాను. జవాబు విన్నాకే అక్కడి నుంచి లేచాను. కొత్తగా వచ్చిన నర్సులు నా చాదస్తానికి నవ్వేవారు. ఏది వద్దో చెప్పి ఊరుకుంటే వైద్యం సగమేనని, మిగతా సగం వాళ్లింట్లో ఉన్న వస్తువుతో వాళ్లు పూర్తి చేస్తారని మంజుల నాకు నేర్పింది. ఆ పాఠం వల్ల ఎవరైనా బతికారేమో తెలియదు. తెలిసినా నాకు ఊరట కాదు.

మంజుల పోయినప్పుడు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ నాగమ్మ నా పక్కన కూర్చుని, నా మీదికి ఎవరూ రాకుండా, ఒకటే చెప్పింది. "నర్సమ్మ తప్పేం లేదు. ఆమె ఎట్ల చెప్పిందో గట్లనే చేసినం."