పాలు లేని కొమ్మ

ఎండబెట్టిన మొక్కల్ని దాచే ఆ భవనంలో ఆమెను అందరూ జిగురమ్మ అంటారు. అడవి నుంచి వచ్చిన కొమ్మల్ని పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టడం, అట్ట మీద జిగురుతో అతికించడం, రాలిన ముక్కల్ని కాగితపు పొట్లంలో వేసి ఆ అట్టకే అంటించడం, కింద పేరుచీటీ రాయడం ఆమె పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే బల్ల. ఆమె అతికించింది ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నోట్లో నాలుక లేని మనిషి అని మాత్రం అన్నారు. అది మెచ్చుకోలనే అనుకున్నారు.

చెట్లెక్కి కొమ్మలు కోసుకొచ్చేది ఆమె తమ్ముడు. ఆ పనిలో చేర్పించింది కూడా ఆమే. ఎంత పెద్ద చెట్టయినా ఇంటి మెట్లెక్కినట్టు ఎక్కేవాడు. పద్దెనిమిదేళ్ళ కిందట, వానలు తగ్గిన వారానికి, ఒక సంచి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. లోపల పొడవాటి ఆకులున్న కొమ్మ, విడిగా గుప్పెడు ఎర్రటి కాయలు.

ఆ భవనానికి అధికారి అయిన పెద్దసారు అది చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కాయలేమో మర్రి, మేడి బాపతు. కోస్తే పూలన్నీ లోపలే, వాటి మధ్య ఆవగింజలో సగం కూడా లేని కందిరీగలు. ఆకులేమో ఆ బాపతులో ఎక్కడా చూడనివి. కొత్త జాతి అని తేల్చేశాడు. దానికి వాళ్ళ నాన్న పేరు పెట్టుకున్నాడు.

పేపరు మీద పరుస్తున్నప్పుడే జిగురమ్మ చేతికి తెలిసిపోయింది. ఆ బాపతు కొమ్మ ఎక్కడ తుంచినా పాలు కారతాయి. ఆకు ఊడిన ప్రతిచోటా కొమ్మ చుట్టూ ఉంగరంలా గీత ఉంటుంది. కాయల తొడిమలు పాలతో పేపరుకు అంటుకుపోయాయి గానీ, ఈ కొమ్మకు చుక్క పాలు లేవు, గీతా లేదు. అడవిలో ఆ కాయల చెట్టు సంగతి ఆమెకు తమ్ముడే చెప్పాడు. పిట్ట వేసిన విత్తనం వేరే చెట్టు పంగలో మొలుస్తుంది, అక్కణ్ణుంచి వేళ్ళు నేలకు దింపుతుంది, ఆసరా ఇచ్చిన చెట్టునే చుట్టుకుని బిగించి చంపుతుంది. రెండూ కలిసిపోయిన చోట కూర్చుని వీడు ఒకదాని ఆకులూ ఇంకోదాని కాయలూ కోసుకొచ్చాడు.

"సార్, ఈ కొమ్మకి పాలు లేవండి. కాయలు వేరే చెట్టువండి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? అతికించు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఇది బయటికొస్తే తప్పు కోసుకొచ్చినవాడిదే అవుతుంది. నీ తమ్ముడి ఉద్యోగం సంగతి ఆలోచించుకో."

ఆలోచించుకుంది. అతికించింది. కాకపోతే ఒక చిన్న చీటీ మీద "కొమ్మకు పాలు లేవు, గీత లేదు, కాయలు వేరే చెట్టువి" అని రాసి, తేదీ వేసి, పొట్లంలో పెట్టి మూసింది. తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడు ఊరుకోడు, ఎవరితోనో ఒకరితో అనేస్తాడు.

ఇక లేని చెట్టు కోసం వేట మొదలైంది. ఒక్క అట్ట చాలదు, రెండో చెట్టు కావాలన్నాడు పెద్దసారు. ఏటా తమ్ముణ్ణే పంపాడు. "ఈసారి పట్టుకొస్తా చూడక్కా" అనేవాడు వాడు. ఆమె భోజనం డబ్బా సర్ది ఇచ్చేది. ఆరో ఏడు ఎక్కిన కొమ్మ విరిగింది, వాడి నడుమూ విరిగింది. అప్పట్నుంచి కిటికీ పక్కన మంచమే వాడి లోకం. పెద్దసారు మాత్రం ఆ చెట్టు మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు.

ఇవాళ పొద్దున వేరే ఊరి నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆ అట్టను భూతద్దంతో చూసింది, పొట్లం విప్పింది, చీటీ పైకి చదివింది.

"ఇంత సరిగ్గా చూసింది ఎవరండీ?"

పెద్దసారు తడుముకోలేదు. "నేనే రాయించాను. నాకు ఆరోజే అనుమానం. కావాలంటే తేదీ చూడండి. ఖాయం చేసుకోడానికే ఏటా మనిషిని పంపి వెతికించాను."

"మరి రెండిటినీ కలిపిందెవరు?"

"అతికించేవాళ్ళు."

ఆ చేతిరాత ఎవరిదో గదిలో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ తల ఎత్తలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు ఆయనకు దక్కింది, మచ్చ మాత్రం ఆమెకు మిగిలింది. ఆ మచ్చ అంటించే పని కూడా జిగురమ్మే చేసింది. "అతికించడంలో పొరపాటు, గుర్తించినవారు పెద్దసారు" అని ఆయన చెప్పినట్టే కొత్త చీటీ రాసి, అంచులు లేవకుండా నొక్కి మరీ అతికించింది. ఆయన మీద కంటే తన చేతుల మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తమ్ముడు మంచం మీద ఒరిగి ఎదురుచూస్తున్నాడు.

"ఏంటక్కా, ముఖం అలా ఉంది?"

"ఆ చెట్టు పేరు జాబితాలోంచి కొట్టేశారురా."

"ఎందుకు? రెండోది దొరకలేదనా?"

"రెండోది లేదు. మొదటిదీ లేదు. నువ్వు రెండు చెట్లవి కలిపి తెచ్చావు."

వాడు కాసేపు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "నేనా? ఎంత పని చేశాను. పోనీలే, ఇవాళేగా తెలిసింది నీకు కూడా."

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

జిగురమ్మ మంచం అంచున కూర్చుని, పద్దెనిమిదేళ్ళ కిందట ఆ చీటీ మీద వేసిన తేదీ చెప్పింది.